రాత్రి పదిన్నరకు తెరుచుకునే డబ్బా

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మావారి ఉద్యోగం హైదరాబాద్‌లో. శనివారం రాత్రికి వచ్చి ఆదివారం సాయంత్రం రైలెక్కుతారు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. ఏడాదిన్నర కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. పగలు ఆయా ఉంటుంది. రాత్రిళ్ళు నేనే. ఒంటిగంటకోసారి, నాలుగింటికోసారి లేచి ఆవిణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

నా సమస్య చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. రాత్రి పదింటికి మావారు ఫోన్ చేస్తారు. అమ్మ మందులు వేసుకుందా, పాప ఫోన్ చేసిందా అని అడిగి పెట్టేస్తారు. పదిన్నరకు ఇల్లు సద్దుమణుగుతుంది. అప్పుడు వంటింట్లోకి వెళ్తాను. లైటు వెయ్యను. కారప్పూస డబ్బా మూత చప్పుడు కాకుండా చున్నీ అడ్డం పెట్టి తీస్తాను. నిలబడే తింటాను. తర్వాత బ్రెడ్డు మీద పంచదార, ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న అన్నంలో ఆవకాయ. కడుపు నొప్పి పుట్టేదాకా చెయ్యి ఆగదు. వారానికి మూడు నాలుగు రాత్రులు ఇదే వరస. ఆదివారం మా ఆడపడుచు వీడియో కాల్‌లో "వదినా, బాగా ఒళ్ళు చేశావు" అంటే ఆ రాత్రి మరీ ఎక్కువ.

పొద్దున్నే తప్పు చేసినట్టు అనిపించి టిఫిన్ మానేస్తాను. కాఫీ తాగి బడికి వెళ్తాను. మధ్యాహ్నం రెండు పుల్కాలు. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. అయినా రెండేళ్ళలో 68 కిలోల నుంచి 81కి వచ్చాను. మొన్న షుగరు పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. డాక్టరు "నోరు కట్టుకోండమ్మా" అన్నారు. నాకు నోరు కట్టుకోవడమే చేతకావడం లేదు. మనసు బాగోలేనప్పుడు తిండి మీదకు పోకుండా ఉండే ఉపాయం ఏదైనా చెప్పండి. పేరు వేయొద్దు.

సమాధానం:

టీచరు గారూ,

చున్నీ అడ్డం పెట్టి డబ్బా మూత తీస్తానని రాశారు చూడండి, నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ వేళకి ఇంట్లో ఉండేది మీరు, మంచం మీద అత్తగారు. ఆవిడ లేచి రాలేరు. మీ వారు ఊళ్ళో ఉండరు, పాప హాస్టల్లో ఉంది. మరి ఆ చప్పుడు ఎవరికి వినబడకూడదని? మీ ఇంట్లో, మీ జీతంతో కొన్న కారప్పూసని మీరు దొంగలా తింటున్నారు. దొంగచాటు తిండికి లెక్క ఉండదు. పళ్ళెంలో పెట్టుకుంటే ఎంత తిన్నామో కంటికి తెలుస్తుంది. చీకట్లో డబ్బాలోంచి తింటే చేతికి అడుగు తగిలాక గాని తెలియదు.

మీరొక్కరే ఇలా ఉన్నారనుకోకండి. మా నాన్న పోయినప్పుడు పెద్దకర్మ అయ్యాక, మిగిలిన బూరెలు ఒక స్టీలు క్యారేజీలో సర్ది పిల్లలకి పెట్టమని అమ్మ నాకిచ్చి పంపింది. ఇంటికొచ్చి పిల్లలకి చెరొకటి పెట్టాను. మిగతావన్నీ నేనే తిన్నాను, రెండు రాత్రుల్లో, గ్యాస్ స్టవ్ పక్కన నిలబడి. మూడో రోజుకి పైతోపు వాసన వచ్చేసిన రెండింటిని కూడా పగలగొట్టి లోపలి పూర్ణం తిన్నాను. నిజానికి బూరెలంటే నాకు అంత ఇష్టం కూడా లేదు. ఆ పన్నెండు రోజులూ చుట్టాలకి పక్కలు వేయడం, కాఫీలు అందించడం తప్ప కూర్చుని ఏడ్చింది లేదు. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టడానికి నెలలు పట్టింది. నలుగురికీ సలహాలు చెప్పే వృత్తిలో ఉండి కూడా.

సరే, మీ సంగతికి వద్దాం. మీరు లెక్కల టీచరు, కాబట్టి ముందు లెక్క.

రాత్రి తిన్నది కాసేపు పక్కన పెట్టండి. పొద్దున్న కాఫీ. మధ్యాహ్నం రెండు పుల్కాలు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయాని పంపడం, అత్తగారికి జావ పట్టడం, దుప్పట్లు మార్చడం. రాత్రి భోజనం ఎప్పుడు చేస్తున్నారో, ఏం తింటున్నారో మీరు రాయనే లేదు. దాన్ని మీరే లెక్కలోకి తీసుకోవడం లేదనిపించింది నాకు. రోజూ గంటల తరబడి నిలబడి పాఠం చెప్పి, ఇంటికొచ్చి ఒక మనిషిని ఎత్తి దించే ఒంటికి ఆ రెండు పుల్కాలు ఏ మూలకి? పదిన్నరకు మీరు వంటింట్లోకి వెళ్ళేసరికి మనసు ఎలా ఉన్నా కడుపు మాత్రం నిజంగానే కాలుతోంది. మీరు దాన్ని కూడా మనసు బలహీనత ఖాతాలో రాసేసుకుంటున్నారు.

ఈ విషయంలో ఒక పాత ప్రయోగం సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి 24 వారాల పాటు రోజూ తినేదాంట్లో సుమారు సగమే పెట్టాడు. వాళ్ళు యుద్ధానికి వెళ్ళడం ఇష్టంలేక దీనికి ఒప్పుకున్నవాళ్ళు. ఒంట్లో, మనసులో ఏ లోపమూ లేదని పరీక్షించి మరీ ఎంచుకున్నారు. కొన్ని వారాలు గడిచేసరికి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకున్నవాళ్ళున్నారు, పళ్ళేలు నాకినవాళ్ళున్నారు. ప్రయోగం ముగిసి ఇక కడుపునిండా తినమన్నాక కొంతమందికి ఎంత తిన్నా తృప్తి తీరలేదు. వాళ్ళకి మంచం మీద అత్తగారు లేరు, వెక్కిరించే ఆడపడుచు లేదు. నోరు కట్టుకోవడం ఒక్కటే చేశారు, దాంతోనే అలా అయిపోయారు.

కాబట్టి నేను అడిగే మొదటి పని మీకు తలకిందులుగా అనిపించవచ్చు. రేపట్నుంచి టిఫిన్ మానకండి. ముందు రాత్రి డబ్బా ఖాళీ చేసినా సరే, ముఖ్యంగా ఖాళీ చేసిన మర్నాడు. పెసరట్టు వేసుకోండి, లేదా రెండు ఇడ్లీలతో పాటు ఉడికించిన గుడ్డు తినండి. గుడ్డు తినకపోతే చట్నీలో పల్లీలు దండిగా వెయ్యండి. మధ్యాహ్నం పుల్కాలతో పాటు పప్పు గాని పెరుగు గాని ఉండాలి. సాయంత్రం బడి నుంచి రాగానే, ఇంకే పనీ ముట్టుకోక ముందు, గుప్పెడు శనగ గుగ్గిళ్ళో పెసలో, ఒక గ్లాసు మజ్జిగ. రాత్రి ఎనిమిదింటికి కూర్చుని అన్నం. ఆయా వెళ్ళేలోపే తినగలిగితే మరీ మంచిది, మధ్యలో లేవక్కర్లేదు. రెండు వారాలు ఇలా చేస్తే రాత్రి దాడి పూర్తిగా ఆగుతుందని చెప్పను. దానిలో ఆకలి వాటా ఎంతో, మిగతా వాటా ఎంతో విడిగా కనబడటం మొదలవుతుంది.

శనివారం ఒక్కపొద్దు గురించి ఒక మాట. స్వామి మీద భక్తితో ఉంటే నేను అడ్డు చెప్పను, మీ డాక్టరుకి మాత్రం చెప్పండి. శుక్రవారం రాత్రి తిన్నదానికి చెల్లుకి చెల్లు అని ఉంటే మాత్రం దాన్ని ఒక్కపొద్దు అనకండి, జరిమానా అనండి. ఆ జరిమానాకి వడ్డీ ఆదివారం రాత్రి కడుతున్నారు.

6.2 చూసి కంగారు పడ్డట్టున్నారు. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చిందని అర్థం, 6.5 గాని అంతకు మించి గాని ఉంటే లోపలికి వచ్చినట్టు. గుమ్మంలోంచి వెనక్కి పంపిన వాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది, కాబట్టి ప్రతి వారం చేయించుకుని ఉపయోగం లేదు. మూడు నెలలకి మళ్ళీ చేయించండి. అప్పుడే థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూడమని అడగండి. ఈ వయసులో నీరసానికి, దిగులుకి, బరువుకి వెనక ఇవి కూడా ఉండవచ్చు, వాటికి మందులున్నాయి. బరువు చూసే మిషన్ని మంచం కిందకి తోసెయ్యండి, నెలకోసారి తీస్తే చాలు.

ఇప్పుడు ఆ మిగతా వాటా.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇంతకంటే మంచి పరీక్ష నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పదిన్నరకు వంటింటి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి మిమ్మల్ని మీరు అడగండి: పొద్దుటి సొరకాయ కూర, చల్లటి అన్నం ఉన్నాయి, తింటావా? తింటాను అనిపిస్తే అది కడుపు ఆకలి. కూర వేడి చేసుకుని, కూర్చుని, హాయిగా తినండి. సొరకాయ వద్దు, కారప్పూసే కావాలి అనిపిస్తే ఆకలి కడుపులో లేదు, ఇంకెక్కడో ఉంది. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా ఒప్పుకుంటుంది, నిండగానే ఆగుతుంది. ఆ రెండోది ఉన్నట్టుండి మీద పడుతుంది, ఫలానాదే కావాలని పేచీ పెడుతుంది, నిండినా ఆగదు.

నేను ఇన్నేళ్ళుగా గమనించింది ఒకటుంది. ఇది శాస్త్రం కాదు, కేవలం నా అనుభవం. దిగులుగా ఉన్నవాళ్ళు మెత్తటివి, తీపివి వెతుక్కుంటారు. కోపం మింగుకున్నవాళ్ళు కరకరలాడేవి కొరుకుతారు. మీ వరసలో మొదట కారప్పూస, తర్వాతే పంచదార. చివరికి ఆవకాయ అన్నం, అంటే ఇల్లు, అమ్మ. మీకు కోపం ముందు వస్తోంది, ఏడుపు దాని వెనక వస్తోంది. ఉత్తరం మొత్తంలో మీరు కోపం అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు.

రెండు వారాల పాటు లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రోజుకి రెండు లైన్లు రాయండి. ఏం తిన్నారో, ఎన్ని కేలరీలో రాయొద్దు, అది మళ్ళీ జరిమానా పుస్తకం అవుతుంది. టైము, దానికి ముందు గంటలో ఏం జరిగిందీ, అంతే. ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, మీరు ఏం అనాలనుకుని అనలేదు. ఆ చివరిది తప్పకుండా రాయండి.

ఆ పేజీ ఎలా ఉండబోతుందో మీ ఉత్తరంలోనే కొంత కనబడుతోంది. పదింటికి ఫోను. అమ్మ మందులు, పాప ఫోను. పదిన్నరకు డబ్బా. మధ్యలో ఉన్న అరగంటలో మిమ్మల్ని "నువ్వు తిన్నావా?" అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. మన ఇళ్ళలో ఎవరు గడప తొక్కినా మొదట అడిగేది ఆ మాటే. మీరు రోజంతా అత్తగారిని, ఆయాని, పాపని, పాఠాలు ఒప్పజెప్పే పిల్లల్ని కూడా అడిగే ఉంటారు. మిమ్మల్ని అడిగేవాళ్ళు లేక రాత్రి పదిన్నరకు మీరే అడుక్కుంటున్నారు, మీరే జవాబు చెప్పుకుంటున్నారు.

డాక్టరు గారు నోరు కట్టుకోమన్నారు. మీకు చేతకాదన్నారు మీరు. నాకేమో మీరు ఏడాదిన్నరగా నోరు కట్టుకునే ఉన్నారనిపిస్తోంది. ఒళ్ళు చేశావంటే నవ్వి ఊరుకున్నారు. మందులు వేసుకుందా అంటే వేసుకుందండీ అన్నారు. మనం తినే నోరూ మాట్లాడే నోరూ ఒకటే కదా. పగలంతా కట్టేస్తే రాత్రి తెగుతోంది.

దీనికి ఒంటి వైపు నుంచి కూడా కారణాలున్నాయి, తెలుసుకుంటే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం కాస్త తగ్గుతుంది. మీ బడి పిల్లలు పరీక్ష రోజు పొద్దున్న ఇడ్లీ ముట్టుకోరు, గమనించే ఉంటారు. గంటో పూటో ఉండే టెన్షన్ ఆకలిని చంపుతుంది. నెలల తరబడి సాగే టెన్షన్ దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ని ఎక్కువగా వదులుతుంటాయి. అది ఆకలిని పెంచుతుంది, అందులోనూ తీపి మీదకి, నూనెలో వేగినవాటి మీదకి మనసు లాగుతుంది. దీనికి తోడు మీకు నిద్ర లేదు. ముక్కలు ముక్కలుగా పడుకునేవాళ్ళకి ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఒంటిగంటకి, నాలుగింటికి లేచే మనిషికి ఏ నిగ్రహం నిలుస్తుంది చెప్పండి.

అందుకే నా దృష్టిలో మీ తిండి సమస్యకి అసలు మందు మీ నిద్రలో ఉంది. ఆ నిద్ర మీవారి చేతిలో ఉంది.

ఆయన వారంలో ఒక రాత్రి ఇంట్లో ఉంటారు. ఆ రాత్రి ఒంటిగంటకి, నాలుగింటికి అత్తగారిని తిప్పేది ఎవరు? మీరు రాయలేదు, కానీ నేను పందెం కాస్తాను. ఆ రాత్రి ఆయనది కావాలి. ఆవిడ ఆయన తల్లి. కొడుకు చేస్తే తప్పేమీ లేదు, ఆవిడ మొదట సిగ్గుపడినా సర్దుకుంటుంది. మీరు పాప గదిలో తలుపు వేసుకుని పడుకోండి. ఆయనకి చేతకాదని, నడుం పట్టేస్తుందని మీరే ముందుకు దూకకండి. మొదటిసారి మీ చేతి కింద చేయిస్తే రెండోసారికి వస్తుంది. అత్తగారి కింద గాలి పరుపు వేశారో లేదో డాక్టరుతో మాట్లాడండి. పుళ్ళు పడకుండా అది సాయపడుతుంది, తిప్పే పని పూర్తిగా పోదు గాని ఎన్ని గంటలకోసారి తిప్పాలో డాక్టరే చూసి చెబుతారు.

మిగతా రాత్రుల్లో వారానికి రెండైనా డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి. ఖర్చు అంటారా, ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్ళకి ఇచ్చే పింఛను 2024 జూలై నుంచి నెలకి 15,000 రూపాయలు చేశారు. షరతులున్నాయి, మీ ఇంటి ఆదాయాన్ని బట్టి రావచ్చు, రాకపోవచ్చు. మీ వార్డు సచివాలయంలో ఒకసారి అడిగితే పోయేదేమీ లేదు. రాకపోతే మీ వారు, ఆడపడుచు చెరి సగం వేసుకోవాలి. ఇది దానం కాదు, తల్లి ఖర్చు.

ఆ మాట అడగడమే మీకు కష్టమని నాకు తెలుసు. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో నిలబెట్టే టీచర్లు ఇంట్లో ఒక్క మాట అడగడానికి పది రోజులు తటపటాయించడం చాలాసార్లు చూశాను. కాబట్టి మాటలు ముందే కాగితం మీద రాసుకోండి. ఫోన్లో అనొద్దు, ఆయన వచ్చినప్పుడు అన్నం తిన్నాక చెప్పండి. "ఏవండీ, నేను ఏడాదిన్నరగా ఒక్క రాత్రి సరిగ్గా పడుకోలేదు. షుగరు గుమ్మం దాకా వచ్చింది. శనివారం రాత్రి అత్తయ్యని మీరు చూసుకోవాలి. మిగతా రోజుల్లో రెండు రాత్రులకి మనిషిని పెడదాం." ఇంతే. మీరు ఎప్పుడూ పట్టించుకోరు, మీ అక్కచెల్లెళ్ళంతా ఇంతే లాంటివి కలపకండి. కలిపితే ఆయన అసలు విషయం వదిలేసి ఆ రెండో మాటకి జవాబు చెబుతారు. చివర్లో ఇంకొక్కటి అడగండి: "రాత్రి ఫోన్ చేసినప్పుడు నేను తిన్నానో లేదో కూడా అడగండి." వినడానికి చిన్నపిల్ల కోరికలా ఉంటుంది. సిగ్గుపడకుండా అడగండి.

ఆడపడుచు విషయానికి ఎక్కువ సిరా ఖర్చు పెట్టను. ఈసారి ఒళ్ళు చేశావంటే, కోపం లేకుండా, "అవునమ్మా, నిద్ర లేక. నువ్వు వచ్చి ఒక వారం అత్తయ్య దగ్గర ఉంటే నేను కాస్త తగ్గుతాను" అనండి. వస్తే మంచిదే. రాకపోయినా ఇంకోసారి ఆ మాట ఎత్తదు.

ఇవన్నీ కుదరడానికి టైము పడుతుంది. ఈలోగా పదిన్నర రోజూ వస్తుంది. దాన్నేం చేయాలి?

ముందుగా ఒకటి ఒప్పుకుందాం. ఆ పదిన్నర మీకు కావాలి. రోజు మొత్తంలో ఎవరూ పిలవని పావుగంట అదొక్కటే. దాన్ని తీసెయ్యమని నేను అనను. తిండి తీసేసి ఆ పావుగంట ఖాళీగా ఉంచితే మళ్ళీ తిండే వచ్చి కూర్చుంటుంది. తినకూడదు అనే నియమం కూడా పెట్టుకోకండి, అది మొదటి రాత్రే విరుగుతుంది. దానికి బదులు ఇది పెట్టుకోండి: చీకట్లో తినను, నిలబడి తినను, డబ్బాలోంచి తినను. కారప్పూస కావాలంటే లైటు వేసి, మూత చప్పుడయ్యేలా తీసి, చిన్న పళ్ళెంలో ఒక గుప్పెడు వేసుకుని, డబ్బా మళ్ళీ అలమారలో పెట్టి, కుర్చీలో కూర్చుని తినండి. ఇంకా కావాలనిపిస్తే లేచి మళ్ళీ వేసుకోండి, ఎవరూ ఆపరు. ఒకామె నాతో అంది, మూడోసారి లేవాలంటే బద్ధకమేసి మానేశానండీ అని.

ఇంకొకటి. పాలు పొంగేటప్పుడు మీరేం చేస్తారు? మంట తగ్గించి గిన్నె దగ్గరే ఒక్క నిమిషం నిలబడతారు. పొంగు అంచుదాకా వచ్చి దానంతటదే దిగుతుంది. ఈ తినాలనే తహతహ కూడా అంతే, అలాగే పెరుగుతూ పోతుందేమోనని భయం వేస్తుంది గాని ఎక్కువసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు వంటింట్లో మాత్రం ఉండకండి. డాబా మీదకి వెళ్ళండి. వేణ్ణీళ్ళతో స్నానం చేయండి, తల మీద నుంచి కాదు, భుజాల మీద నుంచి. పాత రేడియో పాటలు పెట్టుకోండి. కాగితం మీద చుక్కలు పెట్టి ముగ్గులు వేసుకునే ఒక హెడ్‌మిస్ట్రెస్ నాకు తెలుసు, రిటైరయ్యాక కూడా మానలేదు. వారంలో రెండు రోజులు ఆ వేళకి మీ కాలేజీ స్నేహితురాలికో, మీ అక్కకో ఫోన్ చేయండి. అత్తగారి బీపీ సంగతి ఎత్తకూడదని ముందే చెప్పుకోండి. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూడటం మాత్రం ఈ జాబితాలో లేదు. అది చూస్తూ ఉంటే చెయ్యి డబ్బాలో ఎప్పుడు పడిందో కూడా తెలియదు.

ఏడుపొస్తే ఏడవండి. డబ్బా తీయకుండా ఏడ్చిన మొదటి రాత్రి ఉంటుంది మీకు, అది చాలా భారంగా ఉంటుంది. తిండి ఇన్నాళ్ళూ కప్పి ఉంచింది అదే కాబట్టి. మీకు పరిస్థితి ముదిరిందని కంగారు పడకండి.

కొన్ని రాత్రులు ఇవేవీ పనిచేయవు. డబ్బా ఖాళీ అవుతుంది. మర్నాడు పొద్దున్న పెసరట్టు మామూలుగానే వేసుకోండి.

ఒక విషయం మాత్రం ఉత్తరాల మీద తేలేది కాదు. తక్కువ టైములో చాలా ఎక్కువ తినెయ్యడం, ఆపుకోలేకపోవడం, తర్వాత సిగ్గుతో కుంగిపోవడం వారానికి ఒక్కసారైనా మూడు నెలలు సాగితే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తమ గ్రంథంలో దీన్ని విడిగా ఒక జబ్బుగా చేర్చింది. మీకు అదే అని నేను తేల్చలేను, కానీ మీరు రాసింది దానికి దగ్గరగానే ఉంది. కాబట్టి ఒకసారి సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. మీకు గుంటూరు దగ్గర, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దీనికి మాటలతో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. తిన్నది బలవంతాన కక్కుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం ఎప్పుడైనా మొదలుపెడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా వెళ్ళాలి. రెండు వారాలకి పైగా ఏ పని మీదా మనసు లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా ఆ క్షణమే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పదిన్నరకు కూడా ఎత్తుతారు.

వచ్చే శనివారం మీ వారు వచ్చాక ఆ నాలుగు మాటలూ చెప్పి, పాప గదిలో తలుపు వేసుకుని పడుకోండి. ఆదివారం పొద్దున్న ఎన్నింటికి లేచారో నాకు రాయండి. ఏం తిన్నారో రాయక్కర్లేదు.